పార్టికల్ బోర్డు అరలు ఎంత బరువు మోయగలవు?

రైతు ఇంట విత్తనములకు, మందులకు, చిన్న పనిముట్లకు ఒక చోటు కావలెను. గ్రామ కార్యాలయమున రిజిష్టర్లకు అరలు కావలెను. పూర్వము ఈ పనులకు టేకు, వేప, తుమ్మ చెక్కలనో, గోడలో పొదిగిన కడప బండలనో వాడెడివారు. నేడు మంచి కలప ధర సామాన్యునకు అందకున్నది. కావున పట్టణము నుండి పార్టికల్ బోర్డు తెచ్చి అరలు, అలమరలు, అక్కడక్కడ అటక నేలలు కూడ కట్టించుచున్నారు. ఇది చౌకగా దొరకును, చూపునకు నునుపుగా నుండును, వడ్రంగికి పని త్వరగా తెమలును. ఇందు తప్పు లేదు. కాని ఈ బోర్డు ఎంత బరువును, ఎంత కాలము, ఎట్టి చోట మోయగలదో తెలిసికొనకుండ వాడినచో నష్టము తప్పదు.

ఒక అర పడిపోయిన వైనము

గోదావరి డెల్టాలోని ఒక గ్రామమున ఒక రైతు సంక్రాంతి వెళ్ళిన తరువాత ఇంటి వెనుక గదిలో పార్టికల్ బోర్డుతో అరలు కట్టించెను. ఒక్కొక్క అర 90 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందము. పై అరలో వరి విత్తనపు సంచులు రెండు, ఒక్కొక్కటి 25 కిలోలవి, పెట్టెను. క్రింది అరలో పురుగుమందు సీసాలు పెట్టెను. ఆ దినములలో పంటల తనిఖీకి వెళ్ళి, ఆ అరలను చూచి “చక్కగా అమర్చుకొన్నారు” అన్నవారిలో నేనును ఒకడను.

తొలకరి వానలు పడినవి. గది వెనుక గోడ చెమ్మగిల్లినది. నారు పోయుటకు ఇంక వారము దినములున్న దనగా, ఒక రాత్రి పై అర సంచులతో సహా కూలి మందు సీసాలపై పడినది. సీసాలు పగిలి మందు విత్తనములలోనికి ఇంకినది. ఆ విత్తనము పొలమునకు గాని, ఇంటికి గాని పనికి రాక పోయినది. ప్రతిదినము ఆ గదిలోనే పడుకొను పిల్లవాడు ఉక్కగా నున్నదని ఆ రాత్రి నాయనమ్మ మంచము ప్రక్కకు, వసారాలోనికి వెళ్ళుటచే బ్రతికి బయటపడెను.

మరునాడు ఆ రైతు నన్ను ఒకే ప్రశ్న అడిగెను. “అయిదు నెలలు మోసిందండీ, మరి ఇప్పుడెందుకు పడినట్టండీ?” ఆనాడు నావద్ద సరియైన సమాధానము లేకపోయినది. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము.

పార్టికల్ బోర్డు అనగా నేమి?

చెక్క పేళ్ళను, రంపపు పొట్టును ఎండబెట్టి, జిగురు కలిపి, వేడి పలకల మధ్య గట్టిగా నొక్కగా తయారైనదే పార్టికల్ బోర్డు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కలప కొరత ఏర్పడినప్పుడు జర్మనీలో ఇది వ్యాపార సరళిలో తయారగుట మొదలైనది. మన ప్రాంతపు వడ్రంగులలో పలువురు దీనిని ‘నోవాపాన్’ అని ఒక కంపెనీ పేరుతోనే పిలుచుట కలదు. చెక్కనే గాక చెరకు పిప్పిని కూడ దీనికి వాడుదురు. మన పొలములలో తగులబెట్టు పత్తికట్టెతో కూడ ఈ బోర్డులు చేయవచ్చునని ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధనా సంస్థ చేసి చూపినది.

ఇందలి జిగురు రైతులకు తెలియని వస్తువు కాదు. యూరియాను ఫార్మాల్డిహైడ్ అను రసాయనముతో కలిపి వండగా వచ్చు జిగురే సాధారణ పార్టికల్ బోర్డులను పట్టి ఉంచును. 2015లో యూరియాకు వేపపూత తప్పనిసరి చేయుటకు గల కారణములలో, పొలమునకు చేరవలసిన సబ్సిడీ యూరియా ఇట్టి పరిశ్రమలకు తరలిపోకుండ చూచుట కూడ ఒకటి.

కలపకును, ఈ బోర్డునకును గల ముఖ్యమైన భేదము ఒకటి కలదు. టేకు పలకలో నారపోగులు ఈ కొన నుండి ఆ కొన వరకు ఎడతెగక సాగును. బరువు పడినప్పుడు ఆ పోగులే లాగుడును భరించును. పార్టికల్ బోర్డులో పొడవైన పోగులు లేవు. చిన్న చిన్న పేళ్ళు ఒకదాని నొకటి జిగురుతో మాత్రమే పట్టుకొని యుండును. త్రాడునకును, తెగిన పోగులను జిగురుతో అతికిన దానికిని ఎంత భేదమో ఇదియు అంతే. పైగా ఈ బోర్డును మూడు పొరలుగా చేయుదురు. పై పొర, క్రింది పొర సన్నని పొట్టుతో గట్టిగా నుండును. నడిమి పొర ముతక పేళ్ళతో గుల్లగా నుండును. అంచును కోసి చూచినచో ఈ సంగతి కంటికే తెలియును.

బలము వేరు, బిగువు వేరు

ఒక పలక బరువు మోయుటలో రెండు గుణములున్నవి. విరుగకుండుట బలము. వంగకుండుట బిగువు. ఈ రెంటిని ఒకటిగా తలచుట వలననే చాల పొరపాట్లు జరుగుచున్నవి.

బిగువున పార్టికల్ బోర్డు టేకులో సుమారు అయిదవ వంతు మాత్రమే. అనగా ఒకే కొలతలు గల రెండు పలకలపై ఒకే బరువు పెట్టినచో, టేకు పలక 3 మిల్లీమీటర్లు వంగుచోట పార్టికల్ బోర్డు 15, 16 మిల్లీమీటర్లు వంగును. మంచి ప్లైవుడ్ ఈ రెంటికి నడుమ నుండును.

పలక ఎంత వంగునను విషయమున రెండు సూత్రములను రైతులు గుర్తుంచుకొనవలెను.

మొదటిది మందము. మందము రెట్టింపైనచో వంపు ఎనిమిదవ వంతునకు తగ్గును. 18 మిల్లీమీటర్ల బోర్డునకు బదులు 25 మిల్లీమీటర్లది వాడినచో వంపు మూడవ వంతునకు కొంచెము ఎక్కువగా మాత్రమే ఉండును. చౌక యని 12 మిల్లీమీటర్లది వాడినచో మూడు రెట్లకు మించి వంగును.

రెండవది ఆధారముల నడిమి ఎడము. అరనిండ ఒకే తీరున సామాను పేర్చినప్పుడు ఎడము సగమైనచో వంపు పదునారవ వంతునకు తగ్గును. ఖర్చు లేకుండ అరను బలపరచు ఉపాయము దీనికి మించినది లేదు.

పైన చెప్పిన రైతు అరను లెక్కకు తీసికొందము. 18 మిల్లీమీటర్ల మందము, 30 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డునకు రెండు కొనలయందు మాత్రమే ఆధారమున్నదనుకొనుడు. సామాను ఒకే తీరున పరచి యున్నదనుకొనుడు. సాధారణ బోర్డు బిగువును బట్టి లెక్కించగా నడిమి వంపు సుమారుగా ఈ క్రింది విధముగా నుండును.

ఎడము 90 సెం.మీ., బరువు 50 కిలోలు: మొదటి దినమున 16 మి.మీ., ఏండ్లు గడచిన పిమ్మట 52 మి.మీ.
ఎడము 75 సెం.మీ., బరువు 42 కిలోలు: మొదటి దినమున 8 మి.మీ., పిమ్మట 25 మి.మీ.
ఎడము 60 సెం.మీ., బరువు 33 కిలోలు: మొదటి దినమున 3 మి.మీ., పిమ్మట 10 మి.మీ.
ఎడము 45 సెం.మీ., బరువు 25 కిలోలు: మొదటి దినమున 1 మి.మీ., పిమ్మట 3 మి.మీ.

ఈ నాలుగింటిలోను అర పొడవును బట్టి చూచిన బరువు సమానమే. 90 సెంటీమీటర్ల అరకు నడిమ ఒక నిలువు పలక నిలిపినచో అది రెండు 45 సెంటీమీటర్ల అరలగును. అదే బోర్డు, అదే సామాను. 52 మిల్లీమీటర్ల కుంగు 3 మిల్లీమీటర్లకు తగ్గినది.

కాలము చేయు పని

పై లెక్కలో “మొదటి దినము”, “ఏండ్లు గడచిన పిమ్మట” అని రెండు అంకెలు ఇచ్చితిమి. ఈ భేదమే పార్టికల్ బోర్డులోని అసలు చిక్కు. రైతు అడిగిన ప్రశ్నకు సగము సమాధానము ఇందే ఉన్నది.

ఎడతెగని బరువు క్రింద కలప యంతయు కొద్దికొద్దిగా కుంగుచునే యుండును. పాత ఇండ్లలో దూలములు నడిమ క్రిందికి వంగి యుండుట అందరును చూచినదే. కాని పార్టికల్ బోర్డులో పేళ్ళ నడిమి జిగురు పట్టు మెల్లమెల్లగా జారుటచే ఈ కుంగు చాల ఎక్కువ. ఐరోపా దేశములందు పాటించు యూరోకోడ్ 5 అను కట్టడ నియమావళి, పొడి గదిలో శాశ్వతమైన బరువు క్రింద ఈ అదనపు కుంగును ఇట్లు లెక్కించుమని చెప్పుచున్నది. మొదటి వంపు 10 మిల్లీమీటర్లయినచో, కలప దూలము మరి 6 మిల్లీమీటర్లు, ప్లైవుడ్ మరి 8 మిల్లీమీటర్లు కుంగును. పార్టికల్ బోర్డు మరి 22 మిల్లీమీటర్లకు పైగా కుంగును. ఇదియు బరువు మోయుటకని ప్రత్యేకముగా చేసిన పార్టికల్ బోర్డు సంగతి. అలమరలకు, బల్లలకు వాడు సాధారణ రకమును ఆ నియమావళి బరువు మోయు పనులకు లెక్కలోనికే తీసికొనలేదు.

బలము కూడ కాలముతో తగ్గును. పై చెప్పిన 90 సెంటీమీటర్ల కొత్త అర సుమారు 160 కిలోల బరువు వరకు వెంటనే విరుగకుండ నిలువవచ్చును. ఒక మనిషి ఎక్కి నిలిచినను నిలిచినదని మెచ్చుకొందుము. కాని ఏండ్ల తరబడి ఉండు బరువునకు ఈ బలములో పదింట మూడు వంతులు మాత్రమే లెక్కకు తీసికొనవలెను. కలపకైనచో పదింట ఆరు వంతులు తీసికొనవచ్చును. అనగా ఈ అర విషయమున 48 కిలోలు. అదియు కడపటి హద్దే గాని, భద్రమైన బరువు కాదు. భద్రత కొరకు అందు సగమునకు లోపుగానే పెట్టవలెను. మన రైతు పెట్టినది 50 కిలోలు.

కావున “ఎక్కి చూచితిమి, విరుగలేదు” అనునది పరీక్ష కాదు. ఎద్దు ఒక గడియసేపు ఎంత బరువు లాగునో చూచి, దినమంతయు అంతే లాగించువాడు లేడు గదా!

తేమ చేయు పని

ప్రశ్నకు మిగిలిన సగము సమాధానము తేమయందున్నది. యూరియా జిగురు నీటికి తాళదు. తేమ సోకినచో జిగురు పట్టు సడలును. తయారీలో నొక్కబడి యున్న పేళ్ళు ఉబ్బి లేచును. బోర్డు అంచులు లావెక్కి పొరలు పొరలుగా విచ్చుకొనును. తిరిగి ఎండినను బోర్డు మునుపటి మందమునకు గాని, మునుపటి బలమునకు గాని రాదు. కలప తడిసి ఆరిన పిమ్మట చాలవరకు కోలుకొనును. పార్టికల్ బోర్డు కోలుకొనదు.

నీరు నేరుగా పడనక్కరలేదు, గాలిలోని తేమయే చాలును. పైన చెప్పిన పొడి గది యనగా గాలిలో తేమ సంవత్సరములో కొలది వారములు తప్ప 65 శాతము దాటని గది. మన కోస్తా జిల్లాలలో వానాకాలమున అది 80 శాతము దాటుట సాధారణము. తేమ గల గదులకు సాధారణపు రకమును పై నియమావళి అనుమతించనే లేదు.

రైతు ఇంట తేమకు దారులు పెక్కు. చెమ్మగిల్లిన గోడ, కడిగిన నేల, కారు పెంకు, కుండ క్రింద చేరు నీరు అందరికిని తెలిసినవే. ఇవి గాక మరి యొకటి కలదు. యూరియా మొదలగు ఎరువులు గాలిలోని తేమను పీల్చి తామే నీరుగారును. చిల్లిపడిన ఎరువు సంచిని పార్టికల్ బోర్డుపై ఉంచుట, తడిగుడ్డను దానిపై పరచి యుంచుటతో సమానము.

నిగనిగలాడు పై పొరను చూచి దీనికి నీరు తగలదనుకొనరాదు. ఆ పొర రెండు ముఖములను మాత్రమే కప్పును. కోసిన అంచులు, మరమేకుల రంధ్రములు తెరచియే యుండును. పైన పటారము, లోన లొటారము అన్నట్లు, తేమ ఆ దారులనుండియే లోనికి పోవును.

మన రైతు అర విషయమున జరిగినది ఇదియే. అయిదు నెలల బరువునకు అర నడిమ కుంగినది. కుంగిన కొలది రెండు కొనలు లోపలికి లాగబడినవి. కొనలయందు మరమేకులను బోర్డు అంచులోనికి, గుల్లగా నుండు నడిమి పొరలోనికి, బిగించి యుండిరి. వానలతో ఆ అంచు ఉబ్బి మరమేకుల పట్టు వదలినది. బోర్డు విరుగలేదు, కొనలు ఊడి పడినది. ఒక్కరాత్రి జరిగినట్లు కనబడినను, ఆ పని అయిదు నెలలుగా సాగుచునే యున్నది.

అర కట్టించు సరియైన పద్ధతి

పార్టికల్ బోర్డుతో అర కట్టించుకొన దలచువారు ఈ క్రింది విషయములను వడ్రంగికి ముందుగానే చెప్పవలెను.

1. బరువైన సామానునకు ఆధారముల నడిమి ఎడము 45 సెంటీమీటర్లు, అనగా ఒకటిన్నర అడుగు, మించరాదు. బట్టలు, ఖాళీ డబ్బాలు వంటి తేలిక సామానునకు 60 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చును.

2. మందము 18 మిల్లీమీటర్లకు తగ్గరాదు.

3. అర కొనలను మరమేకులపైననే వ్రేలాడదీయరాదు. ప్రతి కొన క్రిందను ఒక చెక్క రీపరు బద్దను నిలువు పలకకు బిగించి, అర దానిపై కూర్చొనునట్లు చేయవలెను. అప్పుడు బరువు బద్దపై పడును. మరమేకులు అర కదలకుండ పట్టుకొనుటకు మాత్రమే ఉండును.

4. అర వెనుక అంచు క్రింద, గోడపొడవున, మరి యొక బద్దను బిగించవలెను. ముందు అంచు క్రింద 2 సెంటీమీటర్ల మందము, 4 సెంటీమీటర్ల ఎత్తు గల టేకు బద్దను నిలువుగా, జిగురుతోను మరమేకులతోను బిగించవలెను. ఈ ముందు బద్ద ఒక్కటియే వంపును సుమారు నాలుగింట ఒక వంతునకు తగ్గించును. దీనికి కాబోవు చెక్క చాల స్వల్పము.

5. మేకులు కొట్టరాదు. ముందుగా సన్నని రంధ్రము చేసి, పార్టికల్ బోర్డు కొరకే వచ్చు ముతక మరల మరమేకులను బోర్డు ముఖమునుండి బిగించవలెను. ఒకసారి ఊడిన రంధ్రములో తిరిగి అదే మరమేకును బిగించిన పట్టు ఉండదు.

6. కోసిన ప్రతి అంచునకును, కంటికి కనబడని వెనుక అంచునకు కూడ, అంచుపట్టీ అతికించవలెను. లేదా రంగు రెండు మూడు పూతలు వేయవలెను.

7. అలమర అడుగు నేలకు తగులరాదు. రాతి ముక్కలపైననో, ఇనుప కాళ్ళపైననో నాలుగు అంగుళములు ఎత్తుగా నిలుపవలెను. గోడకు రెండు అంగుళములు ఎడముండినచో గాలి ఆడును. చెదలు ఎక్కినను వెంటనే కనబడును.

8. బరువైన వస్తువులు క్రింది అరలలోను, తేలికవి పై అరలలోను ఉంచవలెను. విత్తనమును, పురుగుమందును ఒకే అలమరలో నెన్నడును ఉంచరాదు. మందులను పిల్లలకు అందకుండ తాళము గల పెట్టెలో వేరుగా ఉంచవలెను. ఆ రైతు ఇంట ఈ ఒక్క నియమము పాటించి యున్నను, అర పడినను విత్తనము దక్కి యుండెడిది.

గ్రామాధికారులకు ఒక మాట. కాగితము చూచుటకు తేలిక. కట్టినచో మిక్కిలి బరువు. ఒక మీటరు పొడవున నిండుగా పేర్చిన రిజిష్టర్లు 30 నుండి 50 కిలోల వరకు తూగును. అవి ఏండ్ల తరబడి కదలక అచ్చటనే యుండును. పార్టికల్ బోర్డునకు ఇంతకంటె కఠినమైన పని లేదు. భూమి రికార్డులకు ఇనుప ర్యాకులే తగినవి. ఇదివరకే బోర్డు అలమరలున్నచో ప్రతి అరకు నడిమ నిలువు ఆధారము వెంటనే పెట్టించవలెను.

నేలకు, అటకకు పనికివచ్చునా?

కొందరు ఇనుప చట్రముపై పార్టికల్ బోర్డు పరచి అటక వేయుచున్నారు. విదేశములలో ఇండ్ల నేలలకు ఈ బోర్డు వాడుట నిజమే. బ్రిటనులో 18 మిల్లీమీటర్ల బోర్డును దూలముల ఎడము సుమారు 45 సెంటీమీటర్లు మించకుండ, 22 మిల్లీమీటర్ల బోర్డును సుమారు 60 సెంటీమీటర్లు మించకుండ వాడుదురు. కాని అది నేలల కొరకే ప్రత్యేకముగా చేసిన రకము. ఒక పలక అంచు మరియొక పలక గాడిలో దూరునట్లు చేయబడి యుండును. ఆ నేలపై నడచుట, మంచము, కుర్చీ తప్ప ధాన్యపు బస్తాలు పడవు.

మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 875 ప్రకారము నివాసపు గది నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కింతురు. ఒక మీటరు ఎత్తున పేర్చిన ధాన్యము చదరపు మీటరుకు 550 నుండి 600 కిలోల వరకు తూగును. అనగా దాదాపు మూడు రెట్లు. ఇంతే గాక 75 కిలోల బస్తాను భుజము నుండి దింపి పడవేసినప్పుడు కలుగు దెబ్బ దాని బరువుకంటె ఎన్నో రెట్లు హెచ్చు. కలప పలక విరుగుటకు ముందు చిటపటలాడి హెచ్చరించును. పార్టికల్ బోర్డు దెబ్బకు అప్పడమువలె ఒక్కసారిగా విరుగును. క్రింద మనుష్యులు మసలు చోట దీనిని నమ్ముట ప్రాణములతో చెలగాటమే.

కావున అటక నేలకు పార్టికల్ బోర్డు వాడకుండుటయే మేలు. ఇదివరకే వేసియున్నచో దానిపై ఖాళీ గోనెలు, బుట్టలు వంటి తేలిక వస్తువులే ఉంచవలెను. మనిషి ఎక్కవలసి వచ్చినప్పుడు దూలమునుండి దూలమునకు చెక్క పలక వేసి, దానిపై అడుగు వేయవలెను. ధాన్యము, ఎరువు బస్తాలను ఎన్నడును అటకపైకి ఎక్కింపరాదు. వాటి స్థానము గట్టి నేల. నేలపై చెక్క దిమ్మెలు పరచి, గోడకు ఒక అడుగు ఎడముగా పేర్చవలెను.

కొనునప్పుడు చూడవలసినవి

బోర్డుపై ఐ.ఎస్.ఐ. గుర్తును, దాని క్రింది సంఖ్యను చూచి కొనవలెను. సాధారణ పార్టికల్ బోర్డునకు ఐ.ఎస్. 3087, నిగనిగలాడు పై పొర అతికిన రకమునకు ఐ.ఎస్. 12823, సాధారణ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 303, నీటికి తాళు మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710 అను ప్రమాణములు కలవు. సంఖ్య లేని సరుకును దుకాణదారు ఎంత మెచ్చుకొన్నను బరువు మోయు పనికి కొనరాదు.

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల 18 మిల్లీమీటర్ల బోర్డు సుమారు 36 కిలోలు తూగును. అంతకు బాగుగా తక్కువ తూగినచో లోన గుల్ల ఎక్కువ యని తెలిసికొనవలెను. ఒక చిన్న ముక్కను అడిగి తెచ్చి, దాని మందము కొలిచి, రెండు గంటలు నీటిలో ఉంచి తిరిగి కొలువుడు. ఎంత ఉబ్బినదో చూచినచో మీ ఇంటి చెమ్మకు అది తాళునో తాళదో మీకే తెలియును.

ఖర్చు విషయమున ఒక సంగతి. పార్టికల్ బోర్డు ధరను ఇతర వస్తువుల ధరతో పోల్చునప్పుడు నడిమి ఆధారములు, బద్దలు, అంచుపట్టీల ఖర్చును కూడ కలిపి చూడవలెను. ఆ లెక్కలో బరువైన సామానునకు కడప బండ గాని, ఇనుప యాంగిళ్ళ ర్యాకు గాని తరచుగా మేలని తేలును. బండకును నడిమ ఆధారము ఉండవలెను గాని, దానికి తేమ భయము లేదు, చెదల భయము లేదు.

ఇంట ఉన్న అరలను పరీక్షించుట

అరలు ఇదివరకే ఉన్నవారు ఈ పరీక్షను నేడే చేయవచ్చును. ఒక దారమును అర క్రింది భాగమున ఈ కొన నుండి ఆ కొనకు బిగువుగా పట్టవలెను. అర కుంగి యున్నచో నడిమ బోర్డు దారమును క్రిందికి నెట్టును. అప్పుడు దారమును రెండు కొనలయందు సమానమైన చిన్న చెక్కముక్కలపై ఎత్తి పట్టి, కొనవద్ద నున్న సందునకును నడిమి సందునకును గల భేదమును స్కేలుతో కొలువవలెను. అదే కుంగు. దానిని, తేదీని గోడమీద వ్రాసి యుంచవలెను. నెల గడచిన పిమ్మట మరల కొలువవలెను. కుంగు పెరుగకున్నచో ప్రస్తుతమునకు భయము లేదు. పెరిగినచో సామాను వెంటనే దింపి నడిమ ఆధారము పెట్టవలెను. కుంగిన బోర్డును తిరగవేసి వాడినచో వంపు సరిపడునని కొందరందురు. చూపునకు సరిపడును గాని, పోయిన పట్టు తిరిగి రాదు.

అంచులు ఉబ్బినను, మరమేకుల చుట్టును పొట్టు రాలుచున్నను, ఆ అరకు మరమ్మతు లేదు. దానిని తీసివేయుటయే మంచిది. ఈ పరీక్షను ఏటా వానలకు ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట ఒకసారి చేయవలెను.

పార్టికల్ బోర్డు చెడ్డ వస్తువు కాదు. దానికి తగిన పని అప్పగించినచో చాలకాలము చేయును. ఎడము తక్కువగా ఉంచుడు, పొడిగా ఉంచుడు, బస్తాలను దానిపై ఉంచకుడు. ఈ మూడు మాటలు పాటించినచో చాలును.

పై చెప్పిన రైతు తరువాత ఆ గదిలో కడప బండలతో అరలు కట్టించుకొనెను. పాత బోర్డులను పారవేయక, ఒకటిన్నర అడుగు ముక్కలుగా కోయించి, పొడిగా నుండు ముందు గదిలో పిల్లవాని పుస్తకములకు చిన్న అర చేయించెను. ఇప్పుడు గ్రామములకు వెళ్ళినప్పుడు, అరలు చూపినవారికి “చక్కగా అమర్చుకొన్నారు” అని చెప్పుటకు ముందు, నేను జేబులోని దారము తీయుచున్నాను.